‘మనవాడే కదా’ అన్న మాటకు రసీదు ఎక్కడ?

ఇది కొంచెం పెద్ద రాత. ఓపిక ఉన్నవారు పూర్తిగా చదవండి. లేనివారు సగం చదివి కోపగించుకోకండి, పూర్తిగా చదివాకే కోపగించుకోండి.

పోయిన ఆదివారం మన వాట్సాప్ గ్రూపులో ఒక తండ్రి అడిగారు: “మా వాడు సెప్టెంబరుకు ఇంగ్లండు పోతున్నాడు, అక్కడ బాడుగకు గది చూసిపెట్టే మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?” పది నిమిషాల్లో నాలుగు ఫోన్ నంబర్లు వచ్చాయి. నాలుగింటికీ కింద ఒకటే మాట, ‘మనవాడే, నమ్మొచ్చు’. అప్పుడు మన సభ్యుని కూతురు, అక్కడే ఉంటున్న పాప, తనకు జరిగినది ఒక పెద్ద మెసేజుగా పెట్టింది. ఎవరి పేరూ రాయలేదు. అంకెలు రాసింది, తేదీలు రాసింది. అరగంట తిరక్కముందే అడ్మిన్ గారు దాన్ని తీసేశారు. ‘మన భాషవాళ్ళ పరువు వీధిలో పెట్టకూడదు’ అని కారణం చెప్పారు. చేతులు జోడించిన బొమ్మలు పదిహేడు వచ్చాయి, మేము లెక్కపెట్టాం.

ఆ పాప విషయం మాకు మొదటినుంచీ తెలుసు. తెలుసు అనడం కూడా తక్కువే, అందులో మా చెయ్యి ఉంది. అందుకే రాస్తున్నాం.

ఆదివారం సాయంత్రం పెరంబూరులో మన సంఘం గదిలో ముగ్గురం రిటైరైనవాళ్ళం కూర్చుని ఫారాలు నింపిపెడతామని మీకు తెలుసు. పెన్షన్, ఆధార్, పాస్‌పోర్టు, ఏదైనా సరే. 2022 డిసెంబరులో ఆ పాప తండ్రి వచ్చారు. పాపకు లెస్టరు నగరంలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, జనవరిలో ప్రయాణం. అక్కడ ఒక తెలుగు అబ్బాయి గది ఇస్తానన్నాడు. నెలకు 420 పౌండ్లు, కరెంటూ గ్యాసూ కలిపి. డిపాజిట్ రెండు నెలలది, 840 పౌండ్లు. ఆ డబ్బు అక్కడ కట్టనక్కరలేదట, రూపాయల్లో ఇక్కడి తన బావ ఖాతాలో వేస్తే చాలట, ‘మీకు బ్యాంకు కమిషన్ మిగులుతుంది అంకుల్’ అన్నాడట. తండ్రికి అనుమానం వచ్చింది. “అన్నా, వేయొచ్చా?” అని మమ్మల్ని అడిగారు.

మేము ఏమన్నామో తెలుసా? “మనవాడే కదా, వేసెయ్యండి” అన్నాం.

ముగ్గురం అన్నాం. ముప్పై ఏడేళ్ళు రైల్వేలో గుమాస్తాగా పనిచేసి, ఒక రూపాయి తీసుకున్నా రసీదు చించి ఇచ్చిన చేతులు ఇవి. ఆ రోజు రసీదు ఊసే ఎత్తలేదు. ఒక్కటి మాత్రం పాత అలవాటు కొద్దీ చేయించాం. డబ్బు పంపేటప్పుడు బ్యాంకు ఫారంలో వివరం అన్నచోట ‘లెస్టరు గది డిపాజిట్’ అని రాయించాం. తర్వాత ఆ పాపకు పనికొచ్చింది ఆ ఒక్క గీతే.

పాప ఏడాదిపైన అక్కడ ఉంది. 2024 ఫిబ్రవరిలో ఖాళీ చేసింది. డిపాజిట్ అడిగితే మార్చి అన్నాడు, ఏప్రిల్ అన్నాడు, తర్వాత ఫోను ఎత్తలేదు. చివరికి ఒక లెక్క పంపాడు. పరుపు మీద మరక, అంతకు. అవెన్ కడిగించిన ఖర్చు, ఇంతకు. గోడకు దేవుడి పటం అంటించిన గుర్తు. వంటగది బల్ల మీద పసుపు మరక. అన్నిటికన్నా పైన, ‘ఇల్లంతా కూర వాసన’ అని ఒక పద్దు. అన్నీ కలిపితే సరిగ్గా 840. ఒక్క పౌండు కూడా తేడా లేదు. లెక్కలు రాసి బతికినవాళ్ళం చెబుతున్నాం, మొత్తం ముందు వేసుకుని తర్వాత పద్దులు పేర్చితేనే లెక్క అంత సరిగ్గా కుదురుతుంది.

కూర వాసన మాట మీద ఒక్క నిమిషం ఆగాలి. అదే దేశంలో కెంట్ ప్రాంతంలో వందల ఇళ్ళున్న ఒక యజమాని, ఇల్లు వదిలాక కూర వాసన పోదు కాబట్టి మన దేశాలవాళ్ళకు బాడుగకు ఇవ్వొద్దని తన ఏజెంట్లకు చెప్పాడు. 2017లో మెయిడ్‌స్టోన్ కౌంటీ కోర్టు ఆ పద్ధతి చట్టవిరుద్ధమని తేల్చి అడ్డుకుంది. తెల్లవాడు అన్నప్పుడు మన గ్రూపులన్నీ ఊగిపోయాయి. మన తెలుగువాడు అదే వాసనకు ధర కట్టి పాప డబ్బులో కోసుకుంటే మాత్రం అది మన ఇంటి విషయం. ఆ ఇంట్లో మొదటి రాత్రి పాపకు ఆవకాయ అన్నం పెట్టింది కూడా ఆ అబ్బాయే.

ఇప్పుడు చట్టం సంగతి. మేము చదివింది తమిళ మీడియం. ఇంగ్లీషు రూల్సు పుస్తకాలు నిఘంటువు పక్కన పెట్టుకుని ఉద్యోగంలో నేర్చుకున్నవాళ్ళం. అదే పద్ధతిలో ఇదీ చదివాం. ఎమ్మెస్సీ చదివే పిలకాయలు చదవకుండా సంతకం పెట్టింది, మేము రెండు వారాలు కూర్చుని చదివాం. పెద్ద బ్రహ్మవిద్య ఏమీ కాదు.

ఇంగ్లండులో 2007 ఏప్రిల్ నుంచి ఒక నియమం ఉంది. మామూలు ప్రైవేటు బాడుగ ఒప్పందం మీద ఇల్లు గానీ గది గానీ ఇచ్చి డిపాజిట్ తీసుకున్నవాడు ఆ డబ్బును ప్రభుత్వం ఆమోదించిన రక్షణ పథకాల్లో ఒకదానిలో నమోదు చేయాలి. అలాంటి సంస్థలు మూడు ఉన్నాయి. తీసుకున్న 30 రోజుల్లోపు నమోదు చేసి, ఏ పథకంలో ఉంది, తిరిగి ఎలా అడగాలి అన్న వివరాలు రాసి ఇవ్వాలి. డబ్బును పథకం దగ్గరే దాచే పద్ధతి ఒకటి, యజమాని దగ్గరే ఉంచుకుని బీమా కట్టే పద్ధతి ఇంకొకటి. ఏదైనా సరే, ఖాళీ చేసేటప్పుడు కోత మీద తగువు వస్తే పథకం వాళ్ళే ఖర్చు లేకుండా తీర్పు చెబుతారు. అక్కడ మాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, ఆ డబ్బు బాడుగదారుడిదే అన్నది మొదటి సూత్రం. కోసుకోవాలనుకున్నవాడే రుజువు చూపాలి. నమోదు చేయనివాణ్ణి కోర్టుకు తీసుకుపోతే డిపాజిట్ తిరిగి ఇవ్వాల్సిందే, దానిమీద ఒక రెట్టు నుంచి మూడు రెట్ల దాకా జరిమానా కూడా బాడుగదారుడికే కట్టాలి.

ఇక మొత్తం. 2019 జూన్ నుంచి అక్కడ డిపాజిట్ ఐదు వారాల బాడుగకు మించకూడదు. ఏడాది బాడుగ 50,000 పౌండ్లు, ఆపైన ఉంటే ఆరు వారాలు, అది మన పిల్లల సంగతి కాదు. నెలకు 420 అంటే ఐదు వారాలకు 485 పౌండ్లు కూడా రాదు. తీసుకున్నది 840. అంటే మొదటిరోజే 355 పౌండ్లు ఎక్కువ తీసుకున్నాడు. గది పట్టి ఉంచడానికి తీసుకునే బయానా కూడా ఒక వారం బాడుగకు మించకూడదు. ఒప్పందం రాసిన ఫీజు, ఇల్లు చూపించిన ఫీజు, ఖాళీ చేసేటప్పుడు శుభ్రం చేయించే కంపెనీ ఫీజు అని విడిగా వసూలు చేయడమూ నిషేధమే. వచ్చినప్పుడు ఉన్నంత శుభ్రంగా ఇల్లు అప్పగించాలి, అంతవరకే.

వాడకంలో వచ్చే అరుగుదలకు కోత లేదు. ఆరేళ్ళ పాత కార్పెట్‌కు కొత్త కార్పెట్ ధర అడగడం కుదరదు. అయితే మన పిలకాయల తప్పూ చెప్పాలి కదా, లేకపోతే ఇది ఒకవైపు పాటే అవుతుంది. చలికి కిటికీలన్నీ మూసేసి తాలింపులు పెట్టి, తడిబట్టలు లోపలే ఆరేసి, గోడకు నల్లటి బూజు పట్టించి, అదీ అరుగుదలే అంటే ఒప్పుకోరు. తెల్ల బల్ల మీద పసుపు మరకకు కూడా న్యాయంగా కొంత కోయొచ్చు. కొంత. బల్ల మొత్తం ధర కాదు.

ఒక చిక్కు ఉంది, మన పిల్లలు పడేది చాలావరకు ఇందులోనే. ఇంటి యజమాని అదే ఇంట్లో ఉంటూ, వంటగదీ స్నానాలగదీ పంచుకుంటూ ఒక గది బాడుగకు ఇస్తే, ఆ ఉండేవాళ్ళకు ఈ డిపాజిట్ నమోదు నియమం వర్తించదు. అందుకని ఏదైనా తగువు రాగానే ‘నేనూ అక్కడే ఉంటాను, నువ్వు ఊరకే లాడ్జరువి’ అనడం వీళ్ళకు అలవాటు. ఈ పాపతోనూ అదే అన్నాడు. కానీ అతను ఉండేది వేరే వీధిలో. ఆ ఇంటిని ఒకరి దగ్గర మొత్తంగా బాడుగకు తీసుకుని, గదులుగా విడగొట్టి ఐదుగురికి ఇచ్చాడు. సంబంధంలేని ఐదుగురు, అంతకుమించి ఒకే ఇంట్లో వంటగది పంచుకుని ఉంటే 2018 అక్టోబరు నుంచి ఇంగ్లండు అంతటా ఆ ఇంటికి కౌన్సిల్ లైసెన్సు తప్పనిసరి. లైసెన్సు లేని ఇల్లయితే అప్పటి చట్టం ప్రకారం ట్రైబ్యునల్ 12 నెలల బాడుగ దాకా వెనక్కి ఇప్పించగలదు. పాప కౌన్సిల్ జాబితాలో వెతికింది. ఆ చిరునామా లేదు.

పాప పౌరులకు ఉచితంగా సలహా చెప్పే సిటిజన్స్ అడ్వైస్ దగ్గరికి పోయింది. వాళ్ళు చెప్పినట్టు ఒకటిన్నర పేజీ ఉత్తరం రాసింది. తిట్టు లేదు, ఏడుపు లేదు. ఎంత కట్టింది, ఏ తేదీన, ఏ ఖాతాకు, ఏ పథకంలో నమోదు కాలేదు, ఎన్ని రోజుల్లో ఇవ్వకపోతే కోర్టుకు పోతాను. బ్యాంకు కాగితం నకలు జత చేసింది, మేము రాయించిన ఆ గీతతో సహా. ఉత్తరం అందిన మూడో రోజు ఫోను వచ్చింది. “చెల్లెమ్మా, ముందే చెప్పొచ్చు కదా, మనమధ్య కోర్టులేమిటి” అన్నాడట. నాలుగు నెలలుగా ఫోను ఎత్తనివాడు! 600 పౌండ్లు పంపాడు. 240 ఎగ్గొట్టాడు. మూడు రెట్ల జరిమానాకు పోదామని మేము ఇక్కడినుంచి ఎగిరాం. పాప ఒకటే అంది: “పెద్దనాయనా, నేను ఉద్యోగం వెతుక్కోవాలి. రాత్రి షిఫ్టు చేసి వచ్చి కాగితాలు రాయలేను. నాకు ఇది చాలు.” ఇక మేము మాట్లాడలేదు. అంతదూరంలో ఒంటరిగా ఉన్న పిల్ల చాలు అంటే చాలు.

ఆ నడుమలో ఇంకొకటి జరిగింది. పాప తన సంగతిని ఆ ఊరి తెలుగు గ్రూపులో పెడితే అక్కడా గంటలో తీసేశారు. అంతే లేదు, అక్కడి పెద్దమనిషి ఒకరు ఇక్కడి తండ్రికి ఫోను చేశారు. ‘ఆడపిల్ల, రచ్చకెక్కితే వీసాకు ఇబ్బంది వస్తుంది’ అన్నారు. ఆ తండ్రి రెండు రాత్రులు నిద్రపోలేదు. బాడుగ డిపాజిట్ తిరిగి అడగడం వీసా నియమాలకు విరుద్ధం కాదు. ఎవరైనా ఆ మాట అన్నారంటే, తెలియక అన్నారు, లేదా తెలిసి భయపెట్టారు. రెండూ పెద్దమనిషి చేసే పనులు కావు.

ఇప్పుడు మన గ్రూపులో వచ్చిన జవాబులకు వద్దాం.

‘మనవాళ్ళు లేకపోతే ఆ పిల్లలకు గది ఎవరిస్తారు?’ అన్నారు. ఈ మాటలో నిజం ఉంది. అక్కడ హామీదారుడు లేడు, జీతం చీటీ లేదు, ఆ దేశంలో అప్పు తీర్చిన చరిత్ర లేదు. ఏజెంటు దగ్గరికి పోతే ఆరు నెలల బాడుగ ముందే కట్టమన్న కాలం అది. బ్యాంకు అప్పు మీద పోయిన పిల్ల ఎక్కడ తెస్తుంది? ఫోనులో మాటమీద గది ఇచ్చి, విమానాశ్రయానికి కారు పంపి, మొదటి రాత్రి అన్నం పెట్టేవాడు దేవుడిలాగే కనిపిస్తాడు. అందరూ మోసగాళ్ళని మేము అనడం లేదు. నిజంగా సాయం చేసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళ దగ్గర ఉండి వచ్చిన పిల్లలు మన సంఘంలోనే ఉన్నారు. అయితే సాయం చేసేవాడు డిపాజిట్ నమోదు చేయడానికి ఎందుకు జంకుతాడు? పథకంలో డబ్బు దాచడానికి ఖర్చు కూడా లేదు.

‘మన పూర్వీకులు నమ్మకం మీదే బతికారు’ అన్నారు ఇంకొకరు. ఇక్కడే మాకు ఒళ్ళు మండింది. మన తాతలు రైల్వే పనికి నెల్లూరు, చిత్తూరు వైపునుంచి ఈ ఊరికి వచ్చి బాడుగ ఇళ్ళలో దిగారు. ఊరు కొత్త, భాష అరకొర. అప్పుడూ ‘మనవాడే’ అన్న మాట ఉంది. కానీ ఆ మాట అన్నవాడు జామీను ఉండేవాడు. బాడుగ ఎగ్గొడితే ఇంటాయన వచ్చి తలుపు తట్టేది జామీను ఉన్నవాడి ఇంటికి. మా తాత అలా ఒకరికోసం ఆరు నెలలు బాడుగ కట్టాడని మా అవ్వ చచ్చేదాకా దెప్పుతూనే ఉండేది. ఆ నమ్మకానికి వెనుక ఒక జేబు ఉండేది. ఇప్పటి ‘మనవాడే, నమ్మొచ్చు’కు వెనుక ఏముంది? ఒక ఫోను నంబరు, ఒక దండం బొమ్మ. పోయిన ఆదివారం నాలుగు నంబర్లు ఇచ్చిన నలుగురినీ అడుగుతున్నాం, రేపు ఆ అబ్బాయి డిపాజిట్ రాకపోతే మీలో ఎవరు కడతారు?

ఇంగ్లండు ఒక్కటే కాదు. జర్మనీలో డిపాజిట్ మూడు నెలల బాడుగకు మించకూడదు, అదీ కరెంటూ వేడినీళ్ళూ కలపని ఉత్త బాడుగ మీద లెక్క. బాడుగదారుడు మూడు వాయిదాల్లో కట్టుకోవచ్చు, యజమాని దాన్ని తన డబ్బులో కలపకుండా విడి ఖాతాలో పెట్టాలి. కెనడాలో ఒంటారియో రాష్ట్రంలోనైతే ఇల్లు పాడుచేస్తారేమో అని తీసుకునే డిపాజిటే చట్టం ఒప్పుకోదు. చివరి నెల బాడుగ ముందుగా తీసుకోవచ్చు, దానికి ఏటా వడ్డీ ఇవ్వాలి. అక్కడి నేలమాళిగల్లో గదికి నలుగురు ఉంటున్న మన పిల్లల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఎంతమంది? కాలిఫోర్నియాలో ఖాళీ చేసిన 21 రోజుల్లోపు మిగతా డబ్బుతో పాటు కోతల లెక్క రాసి ఇవ్వాలి. ప్రతి చోటా నియమం వేరు, పోయే ఊరి నియమం పోయేముందే చదువుకోవాలి.

ఇంతవరకూ చదివి తల ఊపుతున్న ఇంటి ఓనర్లు కొంచెం ఆగండి. ఇక మీ సంగతి, మా సంగతి.

విదేశంలో రెండు నెలల డిపాజిట్ దోపిడీ అని కేకలు వేసిన మన చెన్నైలో వాడుక ఎంత? పది నెలల అడ్వాన్సు. బెంగుళూరు సంఘం వాళ్ళూ నవ్వొద్దు, మీదీ అంతే. తమిళనాడులో కొత్త బాడుగ చట్టం 2017లో చేశారు, 2019 ఫిబ్రవరి నుంచి అమలు. మూడు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదని అందులో ఉంది. కానీ ‘ఇద్దరూ వేరేగా ఒప్పుకుంటే తప్ప’ అని ముందొక మాట పెట్టారు. ఇల్లు దొరకక తిరుగుతున్నవాడు ఒప్పుకోకుండా ఏంచేస్తాడు? ఆ ఒక్క సందులోంచి పది నెలలు మళ్ళీ లోపలికి వచ్చాయి. ఖాళీ చేసిన నెలలోపు తిరిగి ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది. మనలో ఎంతమంది ఇచ్చారు? కొత్తగా వచ్చేవాడి అడ్వాన్సు చేతికి వస్తేనే పాతవాడికి ఇచ్చేది మన లెక్క. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా చట్టం కాపురం ఇళ్ళకు రెండు నెలలు చాలంది. దాన్ని మన మీటింగులో చదివి వినిపించినప్పుడు ఎవరు టీ తాగడానికి లేచిపోయారో మాకు గుర్తుంది.

పేర్లు రాయం. మా పేరు రాస్తాం.

2009లో మా మేడమీది పోర్షన్‌లో ఒక జంట దిగారు, నెలకు 4,000, అడ్వాన్సు 40,000. ఐదేళ్ళు ఉన్నారు. ఒక్క నెల బాడుగ ఆలస్యం లేదు. మా ఇంట్లో ఆవిడకు జ్వరం వస్తే ఆ అమ్మాయి గంజి కాచి తెచ్చేది. ఖాళీ చేసేటప్పుడు మేము వెల్ల వేయించడానికని ఒక నెల బాడుగ కోసి 36,000 ఇచ్చాం. ఐదేళ్ళకు గోడ ఎవరున్నా మాసిపోతుంది, అది అరుగుదల. మేము ఒంటరిగా ఉన్నా వెల్ల వేయించాల్సిందే. ఆ అబ్బాయి డబ్బు లెక్కపెట్టుకుని ఏమీ అనలేదు. కోతకు రసీదు అడగలేదు, మేము ఇవ్వలేదు. వీధిలో అందరూ కోస్తారు, మేమూ కోశాం. లెస్టరు అబ్బాయి పంపిన లెక్క చదువుతుంటే గుర్తొచ్చింది ఆ 4,000.

మాకు పద్ధతి తెలియక కాదు. రైల్వే క్వార్టర్సులో ఉన్నప్పుడు దిగినరోజే పనుల ఇన్‌స్పెక్టర్ ఆఫీసు మనిషి వచ్చి జాబితా రాసేవాడు. ఫ్యాన్లు ఎన్ని, కొళాయిలు ఎన్ని, కిటికీ అద్దం ఏది పగిలి ఉంది, అన్నీ. ఇద్దరి సంతకాలు. ఖాళీ చేసేనాడు అదే జాబితా పట్టుకుని సరిచూసి, తాళం తీసుకుని, కాగితం ఇచ్చేవాడు. ఆ కాగితం లేకపోతే రిటైరైనవాడి గ్రాట్యుటీ కదలదు. కోపం వచ్చేది కానీ తగువు వచ్చేది కాదు. పగిలిన అద్దం మొదటిరోజే కాగితంమీద ఉంటే చివరిరోజు అది ఎవరి నెత్తిన పడదు. ఇంగ్లండులో దీన్నే ఇన్వెంటరీ అంటారు, మన పిల్లలు దానిమీద కళ్ళు మూసుకుని సంతకం పెడతారు. దిగినరోజు ఫోనుతో మూలమూలా ఫోటోలు తీసి, అదేరోజు యజమానికి ఈమెయిల్ చేస్తే తేదీ దానంతట అదే పడుతుంది. సెల్ఫీలు తీసుకునే ఫోనే కదా.

మేము కమిటీని అడిగేది ఇది. సంఘం పేరుమీద గది నంబరు ఇచ్చేవారు ఆ మనిషికి జామీను ఉండాలి, లేకపోతే ‘నాకు తెలియదు, ఊరకే నంబరు ఇస్తున్నా’ అని రాయాలి. డిపాజిట్ రూపాయల్లో ఇక్కడి బావలకూ మామలకూ వేయమంటే అక్కడే ఆపేయాలి. పిల్ల ఖాతా నుంచి, ఆ దేశంలోనే, ఒప్పందంలో పేరున్నవాడి ఖాతాకు పోవాలి. అక్కడ అడుగుపెట్టి ఇల్లు చూడకముందు మొదటి కొన్ని రోజులకు విశ్వవిద్యాలయం హాస్టలో, తాత్కాలిక గదో చూసుకోమనాలి. నెల దాటగానే ఆ మూడు పథకాల వెబ్‌సైట్లలో ఇంటిపేరు, పోస్టుకోడు వేసి డిపాజిట్ నమోదైందో లేదో చూడమనాలి, ఐదు నిమిషాల పని. ఈ పని చూసిపెట్టడానికి ఆదివారాలు మేము ముగ్గురం సిద్ధం. మళ్ళీ ఒకసారి ‘వేసెయ్యండి’ అనం.

పరువు మాట ఎత్తినవారికి ఒక్కటి. ఆ పాప మెసేజులో మోసం చేసినవాడి పేరు లేదు, కులం లేదు, ఊరు కూడా సరిగా లేదు. ఉన్నవి అంకెలు. అంకెలవల్ల పోయే పరువు ఎవరిది? సెప్టెంబరులో పోయే ఆ అబ్బాయి తండ్రి ఆ మెసేజు చదవాల్సింది. అరగంటలో ఆయన చూశారో లేదో తెలియదు. అడ్మిన్ గారూ, మీరు మాకన్నా చిన్నవారు, మీమీద మాకు అభిమానమే. ఆ పాప రాసింది మళ్ళీ పెట్టండి. మీరు పెట్టకపోతే వచ్చే ఆదివారం సంఘం గది నోటీసుబోర్డు మీద మేము పెడతాం, తాళంచెవి మా దగ్గరే ఉంది.

చివరగా ఒక డబ్బు సంగతి. పాపకు రాని 240 పౌండ్లు అప్పటి లెక్కకు సుమారు 25,000 రూపాయలు. ‘మనవాడే’ అన్న ముగ్గురం ఆ డబ్బు వేసుకుని తండ్రి దగ్గరికి తీసుకుపోయాం. ఆయన తీసుకోలేదు. “మీరు మంచికే చెప్పారన్నా” అన్నారు. మేము తిరిగి జేబులో పెట్టుకోలేకపోయాం. కవరు సంఘం బీరువాలో ఉంది. దాన్ని ఏ పద్దు కింద రాయాలి అని కోశాధికారి గారు రెండుసార్లు అడిగారు.